ఒక్పా డైరీ: మజ్జిగలాంటి పిండి, జున్నులాంటి ముక్క

ఆగ్నేయ నైజీరియాలో ఎనుగు అని ఒక ఊరుంది. ఏనుగుతో సంబంధం లేదు. ఇగ్బో భాషలో ‘ఎనూ ఉగ్వూ’ అంటే కొండమీద అని. ఆ ఊళ్ళో తెల్లారగానే తట్ట నెత్తిన పెట్టుకుని అమ్మేవాళ్ళ కేక ‘ఒక్పా ది ఒకూ’. వేడివేడి ఒక్పా అని అర్థం. ఒక్పా అంటే బంబారా వేరుశనగ పిండిని అరటాకు పొట్లంలో పోసి ఉడికించిన వంటకం. ఊరి బయట తొమ్మిదో మైలు కూడలిలో బస్సు ఆగితే చాలు, కిటికీ దగ్గరికి ముందు వచ్చేది ఇదే. అరటాకు విప్పితే లోపల మామిడిపండు రంగు ముక్క ఉంటుంది. కత్తి పెడితే జున్నులా తెగుతుంది, నోట్లో మెత్తగా నలుగుతుంది. దాన్ని ఇంట్లో గ్యాస్ పొయ్యి మీద, కొలతలతో, ప్రతిసారీ ఒకేలా రాబట్టడమే ఈ ప్రాజెక్టు. మొత్తం ఏడు వాయిలు వేశాం. కుదరని వాయిల కొలతలు కూడా రాసి పెడుతున్నాం. పాడైన ముక్కను చూస్తేనే పిండి ఎలా పనిచేస్తుందో తెలుస్తుంది.

గింజ గురించి ముందుగా

ఇగ్బోలో గింజకూ వంటకానికీ ఒకటే పేరు, ఒక్పా. గింజ బంబారా వేరుశనగ. వేరుశనగలాగే కాయ నేలలో ఊరుతుంది కానీ ఇది నూనెగింజ కాదు. నూనె 6–7 శాతమే. పిండిపదార్థం 60 శాతం దాకా, మాంసకృత్తులు 20 శాతం చుట్టూ ఉంటాయి. జాతి లెక్కన చూస్తే మినుము, పెసర, బొబ్బరలకు దాయాది. వాటిలాగే విగ్నా ప్రజాతి.

అయితే దాయాది కదా అని ఇడ్లీ పద్ధతి దీనికి పట్టించకూడదు. మినప్పిండిలో జిగురు గాలిని పట్టి ఉంచుతుంది, ఇడ్లీ పొంగేది అందుకే. ఒక్పాలో పులియడం లేదు, పొంగడం లేదు. పిండి రేణువులు వేడికి నీళ్ళు తాగి ఉబ్బి, ఒకదానికొకటి అతుక్కుని గట్టిపడతాయి. అంతే. కాబట్టి పచ్చిపిండి చిక్కగా ఉందా లేదా అన్నదాన్నిబట్టి ఉడికిన ముక్క గట్టిదనం చెప్పలేం. ఇడ్లీ పిండికి అలవాటు పడిన చెయ్యి తప్పు చేసేది ఇక్కడే. మొదటి వాయి దానికే బలైంది.

మోయిమోయి అని ఇలాగే ఆవిరి మీద ఉడికించే ఇంకో వంటకం ఉంది. అది వేరు, ఒక్పా వేరు. మోయిమోయికి బొబ్బర్లు నానబెట్టి, పొట్టు తీసి, ఉల్లిపాయ, ఎర్ర మిరపపండ్లు వేసి రుబ్బుతారు. అది నైజీరియా అంతటా ఉంది, ఇగ్బో ఇళ్ళలోనూ చేస్తారు. ఒక్పాకు నానబెట్టడం లేదు. పొడి పిండి, ఎర్ర పామాయిల్, నీళ్ళు, ఉప్పు, మిరపకాయ ఉంటే చాలు. సరుకు ఇంత తక్కువ కాబట్టే ఏ చిన్న తప్పూ దాగదు.

వాయి 1: ఇడ్లీ పిండి జారుడు

పిండి 250 గ్రాములు, నీళ్ళు 500 మి.లీ., ఎర్ర పామాయిల్ 65 మి.లీ., ఉప్పు 10 గ్రాములు. పిండి ఎనుగులోని ఒగ్బెటే మార్కెట్లో కొన్నది, మెత్తగా మర పట్టినది.

కలిపినప్పుడు గరిటె నుంచి ఇడ్లీ పిండిలా జారింది. చూడటానికి బాగానే ఉంది. గంట ఉడికాక ముక్క గట్టిగా, పొడిపొడిగా వచ్చింది. కొరికితే సుద్దలా పంటికి అంటింది. మధ్యలో బీట కూడా పడింది. పిండి అంతా ఉబ్బడానికి నీళ్ళు చాలలేదు. ఉడకడం తక్కువై కాదు. ఇంకో అరగంట ఉంచిన పొట్లం కూడా అలాగే ఉంది.

దీనితోపాటు చిన్న గిన్నెల్లో నీటి పాళ్ళు మార్చి చూశాం. 100 గ్రాముల పిండికి నీళ్ళు ఇలా:

- 250 మి.లీ.: తెగుతుంది, కానీ నోట్లో బరువుగా, గొంతు పట్టేస్తుంది
- 320 మి.లీ.: కావలసినది ఇదే. అంచు నిటారుగా తెగుతుంది, వేలితో నొక్కితే మళ్ళీ పైకి లేస్తుంది
- 380 మి.లీ.: మెత్తన. గిన్నెలో తినడానికి బాగుంటుంది, చేత్తో పట్టుకుంటే విరుగుతుంది
- 450 మి.లీ.: ఆకు విప్పగానే కూలింది

అక్కడినుంచి 1 కి 3.2 బరువు లెక్క ఖాయం చేసుకున్నాం. కప్పులతో కొలవొద్దని గట్టిగా చెప్తాం. ఒక్పా పిండి చాలా నున్నగా ఉంటుంది, కప్పు తట్టి నింపితే ఒక బరువు, వదులుగా పోస్తే ఒక బరువు. 320కి, 380కి మధ్య తేడా ఎంతో పైన చూశారు కదా. ఆ తేడాను ఒక్క కప్పే తెచ్చిపెడుతుంది.

వాయి 2: కుళాయి నీళ్ళు, నూనె ఆఖర్న

పిండి 250 గ్రాములు, నీళ్ళు 800 మి.లీ. ఈసారి జారుడు పలచటి మజ్జిగలా ఉంది. నూనెను ఆఖర్న పోసి గిలక్కొట్టాం. రెండు నిమిషాలకే నూనె పైకి తేలి ఎర్ర చుక్కలై గడ్డకట్టింది. ఎర్ర పామాయిల్ సుమారు 35 డిగ్రీల దగ్గర కరుగుతుంది. అంతకంటే చల్లటి నీళ్ళు తగిలితే మైనంలా బిగుసుకుంటుంది. ఉడికాక ముక్కలో ఒకచోట తెల్లగా, ఒకచోట నూనె మడుగు.

రెండు దిద్దుబాట్లు చేశాం.

నూనె ముందు. పొడి పిండిలో ఉప్పు కలిపి, కరిగిన నూనె పోసి, జంతికల పిండిలో కాచిన నూనె పోసి నలిపినట్టు వేళ్ళతో నలపాలి. తెల్ల పొడి ఒక్క చోటా మిగలకుండా పిండి అంతా ఒకే పసుపు రంగుకు రావాలి. 250 గ్రాములకు ఐదారు నిమిషాలు పడుతుంది. ఇలా చేస్తే నూనె పిండి రేణువులను అంటిపెట్టుకుని ఉంటుంది, నీళ్ళు పోశాక తేలదు. ఒక్పా చేసేవాళ్ళు అందరికంటే ఎక్కువ ఓపిక పెట్టేది ఇక్కడే. పెట్టాలి కూడా.

నీళ్ళు గోరువెచ్చన. 45 డిగ్రీల దగ్గర, చెయ్యి హాయిగా పెట్టగలిగేంత. మరిగే నీళ్ళు పోస్తే పిండి అక్కడికక్కడే ఉండకడుతుంది. ఉండ పైపొర ఉడికిపోయి లోపలికి నీరు చొరదు. తర్వాత ఎంత చిలికినా విడవదు. మొదట 200 మి.లీ. పోసి ఉండల్లేకుండా జారుముద్ద చేసి, మిగతా నీళ్ళు మూడు విడతల్లో పోయాలి.

నూనె పాళ్ళు కూడా ఇక్కడే తేల్చాం. 250 గ్రాములకు 40 మి.లీ. అయితే ముక్క పాలిపోయి, ఆకుకు అంటుకుంది. 90 మి.లీ. అయితే ఆకు మడతల్లో నూనె ఊరింది. 65 దగ్గరే ఉంచాం. నూనెను పొయ్యి మీద పొగ వచ్చేలా కాచకండి, రంగు పోతుంది, ఆ రంగు లేకపోతే ఒక్పా ఒక్పాలా ఉండదు. డబ్బాను వేడినీళ్ళలో నిలబెడితే చాలు, కరుగుతుంది.

మన ఊళ్ళలో చేయాలనుకునేవాళ్ళకు ఒక మాట. ఆంధ్రాలో ఆయిల్‌పామ్ తోటలు ఎన్ని ఉన్నా, కిరాణా షాపులో ప్యాకెట్‌లో వచ్చే పామాయిల్ శుద్ధి చేసి రంగు, వాసన తీసేసినది. అది దీనికి పనికిరాదు. విదేశాల్లో ఉన్నవాళ్ళు నైజీరియా సరుకులు అమ్మే షాపులో ఎర్ర పామాయిల్ అడగాలి. పిండి కూడా ‘ఒక్పా పిండి’ అనే అడగాలి. బీన్స్ పిండి అంటే బొబ్బర పిండి చేతిలో పెడతారు. శనగపిండితో చేస్తే ముక్క గట్టిపడుతుంది, అది వేరే వంటకం అవుతుంది.

వాయి 3: పొయ్యి మీద చల్లటి కుండ

కలపడం అంతా సరిగ్గా ఉంది. పొట్లాలను చల్లటి నీళ్ళున్న కుండలో పెట్టి, అప్పుడు మంట వెలిగించాం. కుండ మరగడానికి 18 నిమిషాలు పట్టింది.

ముక్క నిలువుగా కోస్తే రెండు పొరలు. అడుగున రెండు వేళ్ళ మందాన సుద్దలాంటి గట్టి పొర, పైన వణుకుతున్న పలచటి పొర. అంటే వాయి 1లో నీళ్ళు తక్కువైన తప్పు, చిన్న గిన్నెలో నీళ్ళు ఎక్కువైన తప్పు, రెండూ ఒకే ముక్కలో కనబడ్డాయి. కారణం తెలిసిందే: రవ్వదోశ పిండిలాగే ఒక్పా పిండి నిలకడగా ఉంటే అడుగుకు దిగుతుంది. పిండి 70 డిగ్రీలు దాటితే కానీ చిక్కబడదు. నీళ్ళు మెల్లగా వేడెక్కుతుంటే ఆ లోపల రేణువులన్నీ కిందికి చేరిపోతాయి.

అందుకే నీళ్ళు ముందు మరగాలి, పొట్లం తర్వాత దిగాలి. పిండి పోసేటప్పుడు గరిటె గరిటెకూ గిన్నె అడుగునుంచి కలపాలి. పొట్లం కట్టగానే కుండలో పెట్టేయాలి. ఐదూ కట్టాక ఒకేసారి పెడదామని వరుసగా నిలబెడితే మొదటిది అప్పటికే పేరుకుంటుంది. ఇద్దరు ఉంటే పని తేలిక, ఒకరు పోసి కట్టడానికి, ఒకరు కుండ చూడటానికి.

వాయి 4: ఆకు

పిండి సంగతి తేలాక కారడం మొదలైంది. ఐదు పొట్లాల్లో రెండు కుండలోనే ఖాళీ అయ్యాయి. ఇంత పలచటి పిండిని ఆకులో నిలపడం ఈ వంటలో అసలైన చేతిపని. కోనసీమలో పొట్టిక్కలకు పనసాకు బుట్ట కుట్టేవాళ్ళకు కూడా ఇది కొత్తగానే ఉంటుంది. అక్కడ పిండి చిక్కన, ఇక్కడ దాదాపు నీళ్ళు.

ఆకు ముదిరినది కావాలి, కానీ పండుబారినది కాదు. లేత మొవ్వాకు వేడికి చిరుగుతుంది. నడిమి ఈనె తీసేసి, మంట మీద అడుగు ఎత్తున అటూఇటూ ఆడించాలి. లేతాకుపచ్చ రంగు ముదురు పచ్చగా, నిగనిగలాడుతూ మారుతుంది. ఆ రంగు ఆకు అంతటా వచ్చిందంటే మడతకు లొంగుతుంది. రంగు మారని చోటే చీలుతుంది, ఐదు పొట్లాలూ విప్పి చూస్తే చీలిక ప్రతిసారీ అక్కడే. ఆ తర్వాత కడిగి తుడవాలి.

అరటాకు నరాల వెంబడి చీలుతుంది. కాబట్టి ఒక్క ఆకు చాలదు. 28 సెం.మీ. ముక్కలు రెండు తీసుకుని, ఒకదాని నరాలు నిలువుగా, రెండోదాని నరాలు అడ్డంగా వచ్చేలా పెట్టాలి. ఒకటి చీలినా రెండోది ఆపుతుంది. నిగనిగలాడే వైపు లోపలికి. బఠాణీల పొట్లంలా చుట్టి, కింది మొనను నాలుగు వేళ్ళు పైకి మడిచి, ఆ మడత గట్టిగా అదిమేలా స్టీలు గ్లాసులో దించాలి. గ్లాసు ఆసరా లేకుండా పోయడం అలవాటైన చేతులకే సాధ్యం. ముందుగా కాసిని మంచినీళ్ళు పోసి చూడండి. చుక్కలు పడితే పర్వాలేదు, ధార కడితే మళ్ళీ చుట్టండి.

చుక్కలు పర్వాలేదు అనడానికి కారణం ఉంది. కుండలో నీళ్ళు మరుగుతుంటే, సందులోంచి వచ్చిన పిండి అక్కడే ఉడికి సందును మూసేస్తుంది. చల్లటి కుండలో ఇది జరగదు. వాయి 3 పాఠం ఇక్కడ రెండోసారి పనికొచ్చింది.

పొట్లానికి 200 మి.లీ. పిండి. పైన నాలుగు వేళ్ళు వదిలి, మెడ దగ్గరికి చేర్చి, తడిపిన అరటి నారతో రెండు చుట్లు. పొడి నార ముడి దగ్గర తెగుతుంది.

కుండ అడుగున తీసేసిన ఈనెలు అడ్డదిడ్డంగా పరిచి, పొట్లాల సగం ఎత్తుకు వచ్చేలా నీళ్ళు. పొట్లాలు నిలబడే ఉండాలి, ఒకదానికొకటి ఆనుకుని. సందు మిగిలితే ఖాళీ గ్లాసు బోర్లించి నింపండి. పైన ఆకు ముక్కలు కప్పి మూత. నీళ్ళు తగ్గితే మరిగే నీళ్ళే పోయాలి. చన్నీళ్ళు పోస్తే మరుగు ఆగి, ఇంకా పలచగా ఉన్న పొట్లాలు పొరలు కడతాయి.

ఒక్కో పొట్లం ఒక్కో సమయానికి తీసి కోసి చూశాం. 30 నిమిషాలకు అంచు గట్టిపడింది, నడుమ పాలలా ఉంది. 45కు నడుమ గోళీ అంత ముదురు రంగు మచ్చ, పచ్చి వాసన. 60కి రంగు అంతా ఒక్కటే. లోపల 93 డిగ్రీలు. 75కి తేడా లేదు. సగం ఉడికిన ఒక్పా తినకండి. పచ్చి వాసన సంగతి అటుంచి, ఏ పప్పుజాతి గింజైనా సరిగ్గా ఉడకకపోతే కడుపుకు ఇబ్బందే.

దించాక 20 నిమిషాలు ముట్టుకోవద్దు. వేడి మీద విప్పితే ఆకుకు అతుక్కుని ముక్క చెదురుతుంది. కాస్త ఆరితే తనంతట తానే బిగుస్తుంది. ‘ఒక్పా ది ఒకూ’ అని అరిచేది కూడా కుండలోంచి తీసిన క్షణాన ఉన్న వేడి గురించి కాదు, చేతికి తగిలేంత వేడి గురించి.

వాయి 5: కారం, ఆకుకూర

న్సుక్కా పసుపు మిరపకాయ ఒకటి చాలు 250 గ్రాములకు. ఎనుగు రాష్ట్రంలోని న్సుక్కా ప్రాంతపు కాయ అది, పండినా పసుపుగానే ఉంటుంది, కారంకంటే ముందు వాసన వస్తుంది. మిక్సీలో నీళ్ళతో రుబ్బితే ఆ నీళ్ళను 800లో లెక్కకట్టాలి. దంచి వేస్తే గింజలన్నీ అడుగుకు చేరి, ఒకచోట మంట, మిగతా చోట చప్పన. మెత్తగా రుబ్బడమే మేలు.

ఉజీజా ఆకు రెండు, జుట్టులా సన్నగా తరిగి. మిరియాల తీగకూ తమలపాకుకూ చుట్టం ఈ మొక్క, ఆకు నమిలితే మిరియపు ఘాటు తెలుస్తుంది. మూడో ఆకు వేస్తే చేదు. వేయకపోయినా ఒక్పా ఒక్పాయే.

ఉల్లిపాయ వేసి చూశాం. తరిగిన ముక్కల చుట్టూ నీరు ఊరి, అక్కడ ముక్క విరిగింది. వద్దు.

వాయి 6: గింజ నుంచి పిండి

మీగడ రంగు గింజలు 1 కిలో. ఎరుపువీ నల్లవీ కలిస్తే పొట్టు మిగిలిన చోట మచ్చలు కనబడతాయి. రెండు రోజులు ఎండబెట్టి, మరలో పగలగొట్టించి, చేటలో చెరిగి పొట్టు పోగొట్టి, మళ్ళీ మెత్తగా పట్టించాం. మైదా జల్లెడ పట్టాక 780 గ్రాములు వచ్చింది. జల్లెడలో మిగిలిన నూకను రెండోసారి పట్టించండి తప్ప అలాగే కలపొద్దు. నూక గంటలో ఉబ్బదు, ఇసుకలా పంటికింద పడుతుంది.

ఇంటి మిక్సీతో ఈ గింజ మీద పోరాడకండి. శనగలకంటే గట్టిది. 150 గ్రాములకే మిక్సీ జార్ వేడెక్కింది, పిండి మాత్రం రవ్వలాగే ఉంది.

మేం పట్టించిన పిండి కొన్న పిండికంటే కొంచెం ఎక్కువ నీళ్ళు తాగింది. 250 గ్రాములకు 830 మి.లీ. దగ్గర అదే ముక్క వచ్చింది. కొత్త పిండి తెచ్చినప్పుడల్లా 50 గ్రాములతో, 160 మి.లీ. నీళ్ళతో చిన్న గిన్నెలో ఆవిరి పట్టి చూసుకోండి. పాతిక నిమిషాల పని, పెద్ద వాయి దక్కుతుంది. గింజ నిల్వ ఉంచితే బొబ్బర్లను తొలిచే పుచ్చుపురుగే దీన్నీ తొలుస్తుంది. బాగా ఎండబెట్టి గాలి చొరని డబ్బాలో ఉంచాలి.

వాయి 7: పూర్తి కొలత, సగం ఆకులో, సగం గ్లాసుల్లో

పిండి 500 గ్రాములు, ఎర్ర పామాయిల్ 130 మి.లీ., ఉప్పు 20 గ్రాములు, న్సుక్కా మిరపకాయలు 2, ఉజీజా ఆకులు 4, మిరపకాయల నీటితో కలిపి గోరువెచ్చని నీళ్ళు 1,600 మి.లీ. పదకొండు పొట్లాలు లెక్క. ఆరు ఆకులో, ఐదు లోపల నూనె రాసిన స్టీలు గ్లాసుల్లో.

గ్లాసులను ముందే మరిగే నీళ్ళలో నిలబెట్టి, వేడెక్కాక పిండి పోశాం. చల్లటి గ్లాసులో పోసి దించితే అడుగు పేరుకుంటుంది. మూత ఆవిరి చుక్కలు పడకుండా గ్లాసు మీద ఆకు ముక్క. 55 నిమిషాలకే అయిపోయాయి. ముక్క నున్నగా, అందంగా వచ్చింది. ఆకు వాసన మాత్రం లేదు, పైన తడి కూడా ఎక్కువ. ఆకు దొరకనివాళ్ళకు గ్లాసు నమ్మకమైన దారి. ఆకు దొరికితే ఆకే. పల్చటి ప్లాస్టిక్ సంచుల్లో పోసి ఉడికించే పద్ధతి బజారులో చాలా ఉంది, వేగంగా అవుతుంది. వేడికి తట్టుకునేవని రాసి లేని సంచిలో గంటసేపు నూనె పదార్థం మరిగించడం మాకు సమ్మతం కాదు.

తినడానికి అకాము, అంటే పులిసిన మొక్కజొన్న జావ, పక్కన ఉంటే పొద్దుటి పూట గడిచినట్టే. టీతో తినేవాళ్ళూ ఎక్కువే.

మిగిలినవి ఆకు విప్పకుండా ఫ్రిజ్‌లో మూడు రోజులు బాగున్నాయి. ఆవిరి మీద పదిహేను నిమిషాలు పెడితే మళ్ళీ మెత్తబడ్డాయి. డీప్ ఫ్రీజర్‌లో పెట్టిన రెండు కరిగాక నీరు వదిలి స్పాంజిలా అయ్యాయి. వాటిని ముక్కలు కోసి పెనం మీద కాల్చాం, అంచులు కరకరలాడాయి. వచ్చే వాయిలో ఆకు పొట్లాలను నీళ్ళలో కాకుండా నీటికి పైన జల్లెడ మీద పెట్టి, సమయం ఎంత పెరుగుతుందో చూడాలి. పిండి 500 గ్రాములు తూచి డబ్బాలో పెట్టేశాం, నారను తడిపి ఉంచాం.